చివరి గొంతు ఆగేదాకా

సెల్‌ఫోన్లు వచ్చి మన పద్ధతులన్నీ పాడు చేశాయని ఎవరైనా నా ముందు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటను ఫోన్‌లోనే ఫార్వర్డ్ చేసి ఉంటే ఇంకా మండుతుంది. అలాగని అన్నిటికీ ఫోనే దిక్కన్నట్టు మాట్లాడేవాళ్ళతోనూ నాకు పడదు. ఎందుకంటే ఆ రెండో రకం మనిషిని ఒకప్పుడు నేనే. మా అమ్మ చేతిలో ఉన్న పనిని, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా తీసేసుకున్న ఘనురాలిని కూడా నేనే. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది కలకత్తా పక్కన సంత్రాగాఛి. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. నాన్న ఇక్కడి యార్డులోనే పనిచేసి, ఇక్కడే రిటైరై, ఇక్కడే కన్నుమూశాడు. మా తెలుగు చర్చి యార్డు గోడ పక్కన ఒక చిన్న హాలు. ప్రసంగం మధ్యలో గూడ్సు బండి వస్తే అయ్యగారు ఆగిపోతారు. అది వెళ్ళాక అదే వాక్యాన్ని మొదటి నుంచి మళ్ళీ చదువుతారు. వ్యాగన్లు ఎక్కువున్న రోజు మాకు భోజనం ఆలస్యమయ్యేది.

ఆ చర్చిలో పాట అందించడం అని ఒక పద్ధతి ఉంది. ఒకరు లేచి ఒక్క పాదం పాడతారు. అందరూ ఆ పాదాన్ని తిరిగి పాడతారు. తర్వాత రెండో పాదం. మా నానమ్మల కాలంలో ఆడవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు చర్చి మొత్తానికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. పుస్తకం ఇస్తే ఏం చేసుకుంటారు? అందుకని పాటను ఇలా ముక్క ముక్కగా నోటికి అందించేవారు. తర్వాత మా తరం వచ్చింది. మేం ఇంగ్లీషూ బెంగాలీ గడగడా చదివాం గాని తెలుగు మాత్రం ఇంట్లో మాట్లాడుకోవడానికే పరిమితమైంది. అంటే చదువొచ్చాక కూడా మాకు పాట అందించే మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి మా అమ్మ.

ముప్పై ఏళ్ళు అందించింది. ఆమె గొంతు మరీ గొప్పదేం కాదు, కాస్త బొంగురు. కానీ ఆ పనిలో గొంతు కంటే ముఖ్యమైనది ఒకటుందని అమ్మ అనేది. చివరి మనిషి పాడటం అయ్యేదాకా ఆగడం. అందరూ ఒకేసారి ముగించరు కదా. కుర్రాళ్ళు ముందు ఆపేస్తారు, ముసలమ్మలు సాగదీస్తారు. ఆ చివరి గొంతు ఆగాకే రెండో పాదం ఎత్తుకోవాలి. మా చర్చిలో ఆ చివరి గొంతు ఎప్పుడూ టికియాపారా అత్తదే.

అత్త అంటే చుట్టం కాదు. ఆమె, అమ్మ ఒకరినొకరు వదినా అనుకునేవారు కాబట్టి నాకు అత్త అయింది, ఆమె కొడుకు బావ అయ్యాడు. అత్త భర్త మూడు స్టేషన్ల అవతల టికియాపారా రైలు షెడ్డులో పనిచేసేవాడు. ఆయన పోయాక కూడా అత్త అక్కడే ఉండి, ప్రతి ఆదివారం లోకల్ బండి ఎక్కి మా చర్చికి వచ్చేది. అక్షరం ముక్క రాదు. పాట మాత్రం పట్టు వదలకుండా పాడేది, అందరి కంటే సగం పాదం వెనకగా. అమ్మ పుస్తకంలో వేలు పెట్టుకుని, తల వంచి, ఆమె కోసం ఆగేది. చిన్నప్పుడు నాకు విసుగొచ్చి కాళ్ళు ఊపుకుంటూ కూర్చునేదాన్ని. ఇంటికెళ్ళాక అందుకు వీపు మోగేది.

పెద్దయ్యాక నేను కలకత్తా అవతలి న్యూ టౌన్‌లో ఉద్యోగంలో చేరి, అక్కడే ఫ్లాట్ తీసుకున్నాను. ఒకసారి ఆఫీసులో పక్కన పెట్టేసిన ప్రొజెక్టర్ ఒకటి అడిగి చర్చికి తెచ్చాను. పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి స్లైడ్లు తయారు చేశాను. నెల రోజులు సెలవు రోజులన్నీ దానికే పెట్టాను. పిల్లలు పాడటం లేదని సంఘంలో అందరికీ దిగులు ఉండేది. నేనేదో ఆ దిగులు తీర్చేస్తున్నానని తెగ సంబరపడిపోయాను.

మొదటి ఆదివారం గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. అమ్మ మామూలుగానే లేచి మొదటి పాదం అందించింది. అందరూ తిరిగి పాడటానికి ఆమె ఆగింది. పిల్లలు ఆగలేదు. తెర మీద రెండో పాదం కనబడుతుంటే ఎందుకాగుతారు? జోరుగా ముందుకు వెళ్ళిపోయారు, వాళ్ళ వెనక పెద్దలూ వెళ్ళారు. నేను స్లైడు మార్చాను. అమ్మ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. తర్వాత పుస్తకం మూసి కూర్చుంది.

ఇంటికొచ్చాక, "ఎలా ఉందమ్మా?" అని అడిగాను. అడిగే ముఖం నాకెలా వచ్చిందో!

"బాగుంది," అంది అమ్మ. "పిల్లలు పాడినారు కదా, మరేటి కావాల?"

ఆ మాట నిజమే. పిల్లలు పాడారు. పుట్టి బుద్ధెరిగాక ఆ చర్చిలో నోరు విప్పని పిల్లలు పాడారు. అది చిన్న సంగతి కాదు, అందుకు ఆ ప్రొజెక్టర్‌కు నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ అమ్మ ఆ తర్వాతి వారం నుంచి వెనక బెంచీకి వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పులట, లేచి నిలబడటం కుదరదట. మార్కెట్లో గంటసేపు నిలబడి చేపలతనితో "దాదా, ఇది నిన్నటిది, నాకు తెలుసు" అని పోట్లాడేటప్పుడు ఆ నొప్పులు ఏమయ్యేవో. ఆ మాటే ఒకసారి అనేశాను. ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం, వారం రోజులు ఫోన్లు లేవు. తప్పు నాదని నాకు తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను.

టికియాపారా అత్త మాత్రం నన్ను ఏడిపించడం మానలేదు. "ఓలమ్మా, నీ తెర సక్కగుందే. గాని నాను ఒక ముక్క అనీలోపు అది ఎల్లిపోతంది. దానికేటంత తొందర, బండి దొరకదేటి?" అనేది. అని, అమ్మ పక్కన వెనక బెంచీలో కూర్చుని పెదాలు కలిపి రాగం మాత్రం తీసేది. ఒకరోజు చర్చి అయ్యాక అమ్మతో అంది: "వదినా, నాను పోతే ఈ తెరలూ గిరలూ ఒద్దు. నువ్వు అందించాల, నలుగురూ అనాల. అలగైతేనే ఎల్తాను. నేకపోతే లేసి కూకుంటాను."

"ముందు నేనే పోతానేమో, ఎవులికి తెలుసు? అప్పుడు నువ్వందించు."

"నాను అందిస్తే నిన్ను మట్టి సేసీసరికి పొద్దు గూకిపోద్ది," అంది అత్త. ఇద్దరూ బెంచీ కదిలేలా నవ్వారు. నేను వైర్లు చుట్టుకుంటూ విననట్టు ఉన్నాను.

ఇలా నాలుగేళ్ళు గడిచాక లాక్‌డౌన్ వచ్చింది. దానికి ముందు శనివారం నేను అమ్మను చూడటానికి సంత్రాగాఛి వచ్చి ఉన్నాను. ఆఫీసు లాప్‌టాప్‌తో సహా అక్కడే ఇరుక్కుపోయాను. లోకల్ బండ్లు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ చక్రాల చప్పుడు వింటూ పెరిగినదాన్ని, ఆ నిశ్శబ్దంలో నాకు పనే సాగలేదు. టికియాపారా మా ఇంటికి ఎంత దూరం? మామూలు రోజుల్లో ఒక కప్పు టీ చల్లారేలోపు చేరుకుంటాం. ఆ రోజుల్లో అది ఇంకో దేశంలో ఉన్నట్టయింది.

ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. అమ్మకిమ్మన్నాడు. నేను స్పీకర్ పెట్టాను.

"అత్తా, అమ్మ పోనాది," అన్నాడు. పాత ఆయాసమే, తెల్లవారుజామున ఎక్కువైందట. మర్నాడు పొద్దున్నే మట్టి చెయ్యాలి. తనూ, పక్కింటాయనా, ఇద్దరికే వెళ్ళడానికి వీలవుతుందన్నాడు. మా అయ్యగారు ఊరెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు, ప్రార్థన ఫోన్‌లోనే చేస్తానన్నారట.

అమ్మ ఏడవలేదు. పొయ్యి కట్టేసి, గట్టు పట్టుకుని నిలబడింది. "మరి పాటో?" అని అడిగింది.

పాట అనేవాళ్ళెవరూ లేరన్నాడు బావ.

"పాట లేకుండా మట్టి చేస్తారేటి మీయమ్మని?" అంది అమ్మ. గొంతు పెంచి అనలేదు గాని బావ ఆ చివర వెక్కి వెక్కి ఏడ్చాడు. అతనికి పాట రాదు. పక్కింటాయన బీహారీ.

మా సంఘంలో సమాధి దగ్గర పాడే పాట ఒకటుంది. ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎప్పుడో మా రైల్వే క్వార్టర్లలోనే ఎవరో కట్టారంటారు, ఎవరో తెలియదు. "పనిముట్లు దించినాను ప్రభువా, ఇంటికి వచ్చెదను" అని మొదలవుతుంది. దానికి రికార్డింగ్ లేదు, నా స్లైడ్లలోనూ లేదు. చావు పాటను ఆదివారం ఎవరు పాడతారని నేను టైపు చెయ్యలేదు.

సరే, నేను చూసుకుంటానన్నాను. ఇలాంటి పనులు చేసిపెట్టే మనిషిని నేనే కదా! అమ్మ చెబుతుంటే పాట టైపు చేశాను. సంఘంలో అందరికీ వీడియో కాల్ లింకు పంపాను. సాయంత్రం ఒకసారి కలిసి పాడి చూసుకుందాం, రేపు బావ ఫోన్ పట్టుకుంటాడు, మనమందరం ఇళ్ళ నుంచి పాడదాం అని. ఇరవై కుటుంబాలు వచ్చాయి. తెర మీద పాట పెట్టి, "వన్, టూ, త్రీ," అన్నాను.

ఓరి దేవుడా, ఆ గోల! ఒకరి పాట ఒకరికి రెండు క్షణాలు ఆలస్యంగా వినిపిస్తుంది. వినిపించిన దాన్ని అందుకుందామని వాళ్ళు వెనక్కి తగ్గుతారు. వాళ్ళను విని ఇంకొకరు ఇంకా తగ్గుతారు. ఎవరి గొంతు పెద్దదైతే దాన్నే ఫోన్ పట్టుకుని మిగతావాటిని మింగేస్తుంది. మధ్యలో ఎవరింట్లోనో కుక్కర్ కూతలు. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ అదే. నేను అందరినీ తిట్టాను. అందరినీ మ్యూట్ చేసి, బాగా పాడే ఒకమ్మాయిని ఒంటరిగా పాడమన్నాను. తేనెలా పాడింది పాపం.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "అది కచేరీ," అంది. "సాగనంపడం కాదు."

"అయితే ఏం చెయ్యమంటావు? నా వల్ల కాదు! నెట్ ఇంతే. అందరూ కలిసి పాడటం దీంట్లో కుదరదు, అంతే," అని లాప్‌టాప్ మీద చెయ్యి విసిరాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆ ఒక్కటే అడిగింది అత్త. తెరలూ గిరలూ వద్దంది. ఆమెకు చివరికి దక్కేది ఆ తెర మాత్రమే, దాంట్లో కూడా పాట లేదు.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "వీళ్ళ నోళ్ళు తెరువు," అంది. మ్యూట్ తీశాను. "అందరూ వినండి. ఎవులూ నాతో పాడకండి. నేను అంటాను, నేను ఆపినాక మీరు అనండి. పుస్తకాలొద్దు, ఆ రాసినదీ తీసీ," అంది.

తెర మీంచి పాట తీసేశాను. నాలుగేళ్ళ తర్వాత అమ్మ పాదం అందించింది. సగంలో ఆగి, దగ్గి, మొదటి నుంచి అందుకుంది. ఆపింది.

గొంతులు వచ్చాయి. ఒకేసారి రాలేదు. ఒకటి, తర్వాత ఇంకో రెండు, తర్వాత నాలుగైదు, ముక్కలు ముక్కలుగా. అమ్మ ఒక చెయ్యి పైకెత్తి ఉంచింది. అయిపోయిందనుకుని నేను, "అమ్మా, చాలు, రెండోది," అన్నాను. "ఉండవే," అంది. అప్పుడు ఎక్కడో బలహీనమైన నెట్‌వర్క్ ఉన్న ఇంట్లోంచి ఒక ముసలి గొంతు పాదాన్ని పూర్తి చేసింది. అమ్మ చెయ్యి దించి రెండో పాదం ఎత్తుకుంది.

పాట నడిచింది. అతకని చోట అతకలేదు, కానీ నడిచింది. వెనకబడేవాళ్ళు ఉంటారని తెలిసిన వాళ్ళు చేసిన పద్ధతి అది. నెట్ వెనకబడితే దానికీ చోటుంది అందులో. నాకు అప్పుడు అర్థమైంది, ఆ నాలుగేళ్ళలో నేను ఏ ఒక్కసారీ ఎవరి గొంతు కోసమూ ఆగి స్లైడు మార్చలేదని. "అమ్మా, నన్ను క్షమించు," అన్నాను, ఇరవై కుటుంబాలు వింటుండగానే. "రేపు ఫోన్ చార్జింగ్ చూసుకోమని బావకి చెప్పు," అంది అమ్మ. ఇప్పుడు ఆదివారాలు తెరా ఉంటుంది, తెర పక్కన అమ్మా నిలబడుతుంది. ఆమె తల ఊపితేనే నేను స్లైడు మారుస్తాను. పిల్లలు కూడా ఆగడం నేర్చుకున్నారు, కొందరు కాళ్ళు ఊపుకుంటూనే.

అలా పాడి చూసుకున్న మర్నాడు పొద్దున అమ్మ తెల్ల చీర కట్టుకుని వంటింట్లో లాప్‌టాప్ ముందు కూర్చుంది. బావ ఫోన్‌ను సమాధి వైపు తిప్పి పట్టుకున్నాడు. తవ్విన మట్టి, పెట్టె అంచు, రెండు జతల బూట్లు, అంతే కనబడుతున్నాయి. ఆ బూట్లు గొయ్యి తవ్విన ఇద్దరు మునిసిపాలిటీ వాళ్ళవి. అయ్యగారు ఊరి నుంచి ప్రార్థన చేశారు. అమ్మ మొదటి పాదం అందించింది. అందరూ తిరిగి పాడారు. రెండో పాదం కూడా బాగానే వెళ్ళింది.

మూడో పాదానికి బావ వైపు నెట్‌వర్క్ పడిపోయింది. మిగతా ఇళ్ళ గొంతులు అక్కడికి చేరడం లేదు. అమ్మ గొంతు మాత్రం ఎలాగో వెళ్తోందని బావ చెప్పాడు. అంటే అమ్మ ఒక పాదం అందిస్తుంది, అక్కడ దాన్ని తిరిగి అనేవాళ్ళు లేరు. బావ అనబోయాడు గాని ఏడుపు తప్ప మాట రాలేదు. అమ్మ చెయ్యెత్తి ఉంచి ఎదురుచూస్తోంది. "అమ్మా, ఆగకు, నువ్వే పాడెయ్," అన్నాను. అమ్మ వినలేదు. అలాగే చూస్తూ కూర్చుంది.

అప్పుడు బావ ఫోన్‌లోంచి ఒక మగ గొంతు వచ్చింది. మా సంఘంలో ఎవరిదీ కాదు. జీరపోయిన గొంతు, రాగం అటూ ఇటూగా. కానీ మాటలు తెలుగు మాటలు, అమ్మ అందించిన పాదం. దాని వెనకే ఇంకో గొంతు కలిసింది. అమ్మ కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది, చెయ్యి దించి నాలుగో పాదం అందించింది. ఆ ఇద్దరూ తిరిగి అన్నారు. ఐదో పాదం. ఆరో పాదం. మాస్కుల్లోంచి, చివరిదాకా అన్నారు. మొదటి మాట అనే ముందు ఇద్దరూ చేతుల్లోని పారలు కింద పెట్టారని బావ తర్వాత చెప్పాడు.

పాట అయ్యాక, "ఎవులది? ఎవులు పాడినారు? ఒకసారి చూపించరా," అంది అమ్మ. బావ ఫోన్ తిప్పాడు. ఇద్దరూ నడివయసు వాళ్ళు. మునిసిపాలిటీ క్వార్టర్లలో ఉంటారట. తాతల నాడు మా వైపు నుంచే వచ్చినవాళ్ళు. ఒకాయన నుదుట కుంకుమ బొట్టు కనబడుతోంది.

"మీరు ఏ చర్చి నాయనా? మా పాట మీకెలగ తెలుసు?" అని అడిగింది అమ్మ.

బొట్టు పెట్టుకున్నాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని, సిగ్గుపడినట్టు నవ్వాడు.

"మాకేటి తెల్దమ్మా. నువ్వన్నావు, మేం అన్నాం. ముసలమ్మని ఊరికినే ఎలగ పంపీగలం?"

అమ్మ రెండు చేతులూ ఎత్తి తెరకు దణ్ణం పెట్టింది. కబురు వచ్చినప్పటి నుంచీ పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. ఆ ఇద్దరూ ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే నిలబడి, తర్వాత పారలు తీసుకున్నారు.